పలికే తుప్పలు

సాయంత్రం ఆరు దాటిందంటే ఆ తుప్పల వైపు కుక్క కూడా తల తిప్పేది కాదు.

ఇళ్ళ వరసకీ గుట్టకీ మధ్య రెండు మైళ్ళ మేర అంతా పొదలే. చెట్టు అని పిలవదగ్గది ఒక్కటీ ఉండదు. మోకాలెత్తు నుంచి మనిషెత్తు దాకా ముళ్ళపొదలు, వాటి సందుల్లో ఎండిన గడ్డి, అక్కడక్కడా నల్లరాళ్ళు. పగలు మేకలు మేస్తాయి, కుందేళ్ళు గెంతుతాయి, కట్టెపుల్లల కోసం ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొస్తారు. అందులో భయపడాల్సిందేమీ లేదు. కానీ ఆ బీడుకి దక్షిణం కొసన ఓ ఆరెకరాల ముక్క ఉంది... దాని జోలికి మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా ఎవరూ పోరు. మేక తప్పిపోయి అందులోకి దూరితే, అది దానంతటది బయటికొచ్చేదాకా ఇవతల నిలబడి బతిమాలుకోవడమే తప్ప లోపలికి అడుగేసేవాళ్ళు లేరు.

దాన్ని ‘పలికే తుప్పలు’ అంటారు. పిలిస్తే పలుకుతుందట.

ఆ నోటా ఈ నోటా పడి ఆ మాటకి చిలవలు పలవలు పుట్టాయి. తనని పేరు పెట్టి పిలిచిందని ఒకడు. ఏడ్చిందని ఇంకొకడు. బీడీ ఉందా అని అడిగిందని మరొకడు. ‘మరి ఇచ్చావా?’ అంటే, ‘ఉన్నది ఒక్కటే, ఎలా ఇస్తాను?’ అన్నాడట. ఇవన్నీ నవ్వుకోడానికి. ఒక్క మనిషి చెప్పిన మాటకి మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఎందుకంటే పిలవడమే ఆయన పని.

అదేం పనో చెప్పకపోతే ఈ కథకి తలా తోకా ఉండదు.

ఏటా వేడిగాలులు మొదలవ్వకముందే ఇళ్ళ పక్కనున్న తుప్పల్ని ముక్కలు ముక్కలుగా తామే తగలబెట్టేస్తారు అక్కడివాళ్ళు. ముందే కాల్చేస్తే, తర్వాత గుట్ట మీంచి కార్చిచ్చు దిగినా దానికి తినడానికేమీ మిగలదు, ఇళ్ళ దాకా రాదు. ఈ పని చీకటి పడ్డాకే. అప్పటికి గాలి పడిపోతుంది, ఆకుల మీద మంచు దిగుతుంది, నిప్పు పరిగెత్తకుండా నడుస్తుంది.

ముందు ఒకడు పొడుగాటి కర్రతో పొదలు తట్టుకుంటూ లోపలికి వెళ్ళి, దాక్కున్న జీవాల్ని తోలుకుంటూ అవతల తేలతాడు. వాణ్ణి తట్టేవాడంటారు. తర్వాత ఇళ్ళ వైపు అంచునున్న బండ మీద కేకలాయన లాంతరు పట్టుకుని నిలబడి గొంతెత్తుతాడు.

“తుప్పల్లో ఎవరున్నారు? ఉంటే పలకండి! నిప్పు పెడుతున్నాం!”

ఇలా మూడుసార్లు. కేకకీ కేకకీ మధ్య నూరు అంకెలు లెక్కపెడతాడు. పలుకు రాకపోతే లాంతరు తల పైకెత్తుతాడు. మూడు వందల గజాల అవతల కాగడాలతో వరసగా నిలబడ్డవాళ్ళు అది చూసి నిప్పు ముట్టిస్తారు. పలుకు వస్తే లాంతరు నేల మీద పెడతాడు. ఆ పలికిన మనిషి బయటికి వచ్చేదాకా కాగడా కదలదు. లోపలి పలుకు అంత దూరానికి వినపడదు కాబట్టి, ఆ పనిలో కేకలాయన మాటే మాట.

ఆ ఆరెకరాల దగ్గర మాత్రం పద్నాలుగేళ్ళుగా లాంతరు నేల మీదికే దిగుతోంది. ఏటా కేకలాయన పాలిపోయిన మొహంతో బండ దిగొచ్చి ఒక్కటే మాట అంటాడు.

“పలికింది... వద్దు.”

బయటికి మాత్రం ఏ ఏడూ ఎవరూ రాలేదు. రారు కూడా. పలికేది ఎవరో అందరికీ తెలుసు. అక్కడే కాలిపోయిన తట్టేవాడు. కేకలాయనకి సొంత బావ, అక్క మొగుడు.

ఆ తట్టేవాడి కూతుర్ని అందరూ ‘గంట’ అంటారు. రంపం మిల్లులో పని. దుంగ కోతకి వచ్చినప్పుడల్లా పొడవెంతో వెడల్పెంతో రంపం అవతలున్న వాళ్ళకి అరిచి చెప్పాలి. గంట గొంతు విప్పితే రంపమే సిగ్గుపడి ఆగిపోతుందని మిల్లులో వేళాకోళం. ఆ గొంతు ఆమెకి ఊరికే రాలేదు. కడుపులోంచి అరవాలి, గొంతులోంచి కాదు అని చిన్నప్పుడు పెరట్లో నిలబెట్టి నేర్పినవాడు మేనమామ, ఆ కేకలాయనే.

తండ్రి పోయేనాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత అన్నీ మావయ్యే. బడికి భుజాల మీద ఎక్కించుకుని వెళ్ళాడు. జ్వరమొస్తే రాత్రంతా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. చెప్పులు తెగితే తనవి కుట్టించుకోకుండా ఆమెవి కుట్టించాడు. పెళ్ళి కూడా చేసుకోలేదు. అలాంటి తమ్ముడుండాలి అని అందరూ గంట తల్లితో అనేవాళ్ళు. ఆవిడ గురించి వాళ్ళు అనే మంచి మాట అదొక్కటే.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. తట్టేవాడి విషయంలో ఆ సామెత కూడా పని చెయ్యలేదు. ఆయన కాలిపోయిన చోట, మర్నాడు పొద్దున, నల్లబడ్డ సీసా ఒకటి దొరికింది. మూడు కేకలకీ పలుకు రాలేదని కేకలాయన చెప్పాడు. ఇంకేముంది... అవతల తేలాక మళ్ళీ చాటుగా లోపలికెళ్ళి తప్పతాగి పొదల్లో పడుకున్నాడు, ఒళ్ళు తెలీక కాలిపోయాడు అని తేల్చేశారు. ఆ రోజు నుంచి గంట తల్లి తాగుబోతు పెళ్ళాం అయింది. అందరూ నీళ్ళు పట్టుకుని వెళ్ళాకే ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్ళేది. కేకల రాత్రి ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి కేకలు లెక్కపెడుతుంటే, ఆవిడ మాత్రం వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోముకునేది. నోరు విప్పి మొగుడి ఊసెత్తగా ఎవరూ వినలేదు.

గంటకి మాత్రం లోపల ఒక ముల్లు ఉండిపోయింది. నాన్న ఇంట్లో ఎప్పుడూ తాగి రాలేదే. ఆయనకి ఉన్న వ్యసనమల్లా వేళాకోళం. పొదలు తట్టి అవతలికి వెళ్ళినవాడు మళ్ళీ చాటుగా తిరిగొచ్చి, బామ్మర్ది కేక వెయ్యగానే పొదల్లోంచి ముసలమ్మ గొంతుతో, ‘ఉన్నాను నాయనా, కాస్త చెయ్యందించు’ అనేవాడు. బామ్మర్ది తిట్టుకుంటూ మళ్ళీ మొదటి కేక నుంచి మొదలుపెట్టేవాడు. పిలవకపోయినా పలికే మనిషి, మూడుసార్లు పిలిస్తే ఎందుకు పలకలేదు?

తొమ్మిదేళ్ళప్పుడు, మావయ్య ఆ బండ దగ్గర్నుంచి వణుక్కుంటూ వచ్చిన రాత్రి, దుప్పట్లోంచి తల బయటికి పెట్టి అడిగింది.

“నాన్న ఏమన్నాడు మావయ్యా?”

“ఏం లేదు. పడుకో.”

“నా గురించి అడిగాడా?”

ఆయన గోడ వైపు తిరిగిపోయాడు. మావయ్యతో మాట్లాడే నాన్న తనతో ఎందుకు మాట్లాడడని ఆ పిల్ల తెల్లారేదాకా ఏడ్చింది.

ఈ ఏడు రెండు సంగతులు కలిసొచ్చాయి. మావయ్య గొంతులో ఏదో కాయ లేచింది, తీసేశారు. గట్టిగా మాట్లాడితే ఉన్న గొంతూ పోతుందన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆయన మాటలన్నీ గుసగుసలే. రెండోది, పద్నాలుగేళ్ళుగా కాల్చని ఆ ముక్క మనిషెత్తు దాటి ఎండిపోయింది.

జట్టు పెద్ద గడ్డం మేస్త్రీ నేరుగా రంపం మిల్లుకే వచ్చాడు. పొట్టులో చెప్పులు కూరుకుపోతుంటే రంపం ఆగేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు.

“అమ్మాయ్, నీ గొంతు కావాలి. ఆ ముక్కకి అంటుకుంటే దెయ్యమూ మిగలదు, మనమూ మిగలం. మూడు కేకలెయ్యి. పలికితే చూద్దాం. పలక్కపోతే ఈసారి కాల్చేద్దాం.”

“వేస్తాను” అంది గంట. మేస్త్రీ ఒప్పించడానికి తెచ్చుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి.

ఇంట్లో మావయ్య అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు.

“నువ్వొద్దు” అన్నాడు గుసగుసగా.

“ఎందుకు?”

“ఆడపిల్లవి... అది మంచి చోటు కాదు.”

“మా నాన్న ఉన్న చోటు మావయ్యా. నన్నేం చేస్తాడు?” అంది. కాసేపాగి, “ఒక్క మాట అడగాలి. ఆ రాత్రి ఎందుకు పలకలేదని” అంది.

తల్లి వీళ్ళిద్దరి వంకా చూడకుండా మజ్జిగ వడ్డించి లేచిపోయింది. మావయ్య చెయ్యి కడిగేసుకున్నాడు.

“అయితే నేనూ వస్తా” అన్నాడు.

అలా ఆ రాత్రి ఇద్దరూ బయల్దేరారు.

చంద్రుడు లేడు. లాంతరు వెలుతురు కాళ్ళ ముందు రెండు గజాలు, అంతే. చివరి ఇల్లు దాటాక బాట సన్నబడింది. పావు మైలు నడిచేసరికి రెండు పక్కలా తుప్పలు. ఎండాకులు గలగలమంటున్నాయి... గాలి లేకుండానే. పక్కన ఏదో బరబరా పాకి ఆగిపోయింది. గంట ఆగింది. అదీ ఆగింది.

“కుందేలు” అంది తనకి తనే ధైర్యం చెప్పుకుంటూ.

మావయ్య ఊపిరి వెనక నుంచి వినపడుతోంది... ఈల వేసినట్టు.

బండ వచ్చింది. పగటి ఎండకి కాలిన బండ ఇంకా వెచ్చగానే ఉంది. ఎదురుగా ఆరెకరాల చీకటి. అటు చివర, దూరంగా, పది కాగడాలు చుక్కల్లా వెలుగుతున్నాయి. మధ్యలో ఏమీ లేదు. పురుగు కూడా కుయ్యడం లేదు.

గంట బండ ఎక్కింది. మావయ్య కింద కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

“తుప్పల్లో... ఎవరున్నారు? ఉంటే పలకండి! నిప్పు పెడుతున్నాం!”

కేక చీకట్లోకి వెళ్ళి, గుట్ట దాకా పోయి, అక్కడే ఉండిపోయింది.

ఒకటి... రెండు... మూడు...

ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుంది. ముప్పై దగ్గర ఆకు రాలినట్టయింది. యాభై దగ్గర తన గుండె చప్పుడే తనకి వినపడి ఉలిక్కిపడింది. తొంభై... తొంభై తొమ్మిది... నూరు.

ఏమీ లేదు.

రెండో కేక వేసింది. లెక్కపెడుతూ కిందికి చూసింది. మావయ్య రెండు చేతులతో చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. లాంతరు వెలుతురులో ఆయన మొహం తడితడిగా మెరుస్తోంది.

“మావయ్యా... ఏమైంది?”

తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చీకటి వైపు తిరిగింది. నూరు అయిపోయింది. ఏమీ లేదు.

మూడో కేకకి ఆ మాటలు నోట రాలేదు. పద్నాలుగేళ్ళుగా దాచుకున్నది వచ్చింది.

“నాన్నా...! నేను నాన్నా...! పలుకు!”

దూరంగా కాగడాలు ఒక్కసారి కదిలాయి. లెక్కపెట్టడం మర్చిపోయింది గంట. ఎంతసేపు నిలబడిందో తెలీదు. చీకటి అలాగే ఉంది. ఎండు వాసన, వెచ్చటి బండ, చెవుల్లో హోరు. అంతే.

దెయ్యం ఉందని భయపడేవాళ్ళని అందరూ చూసే ఉంటారు. దెయ్యం లేదని ఏడ్చినదాన్ని ఆ ఒక్క రాత్రే ఆ బండ చూసింది. తన ఒక్కదానికే ఎందుకు పలకడు? ఆమె కళ్ళు తుడుచుకుని లాంతరు చేతిలోకి తీసుకుంది. పద్ధతి పద్ధతే. పలుకు రాలేదు కాబట్టి ఎత్తాలి.

అప్పుడు కింద నుంచి గుసగుస వచ్చింది.

“ఎత్తకు...”

“పలకలేదు మావయ్యా.”

“పలుకుతున్నాడుగా... ఇదిగో... ఇప్పుడు కూడా. వినపడట్లేదూ?”

గంట మెల్లిగా బండ దిగి ఆయన పక్కన కూర్చుంది.

“నాకు వినపడట్లేదు. ఏమంటున్నాడు?”

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెదాలు ఆగి ఆగి కదిలాయి. అది ఆయన మాట తీరు కాదు. ఎనిమిదేళ్ళ పిల్లగా ఆమె ఎరిగిన మాట తీరు.

“ఒరేయ్ బామ్మర్దీ... ఆగరా... వేళాకోళం కాదురా... కాలు ఇరుక్కుంది... రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుందిరా...”

కాలు ఇరుక్కుందా? తాగి పడుకోలేదా? ఒక్క క్షణం ఆమెకి దుఃఖం కంటే ముందు సంతోషమే వచ్చింది. నాన్న తాగలేదు. మరి ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీలేదేం?

“ఏటా ఇదే అంటాడా?”

“ఇదే.”

“ఒక్క మాటైనా మారదా?”

“మారదు.”

తర్వాతి ప్రశ్న అడక్కుండా లేచిపోయి లాంతరు ఎత్తేసి ఉంటే బాగుండేదని ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ అడిగింది.

“మొదటిసారి ఎప్పుడు విన్నావు?”

మావయ్య కళ్ళు తెరిచాడు. చెవుల మీంచి చేతులు జారిపోయాయి.

“ఎప్పుడు మావయ్యా?”

“...ఆ రాత్రి.”

“నిప్పు పెట్టాకా?”

ఆయన తల వంచుకున్నాడు.

“ముందే... మూడుసార్లూ పలికాడు.”

ఎక్కడో కొమ్మ విరిగింది. ఇద్దరూ అటు చూడలేదు.

“ఎప్పటిలాగే ఆటపట్టిస్తున్నాడనుకున్నా” ఆ గుసగుస ఆగి ఆగి వస్తోంది. “అంతకు ముందు వారమే రెండుసార్లు అలా చేశాడు. అందరూ నన్ను చూసి నవ్వారు. ఈసారి పలికినా పట్టించుకోకూడదని పంతం పట్టాను. మొదటిసారి వినీ విననట్టు ఊరుకున్నా. రెండోసారీ అంతే. మూడోసారి... గొంతు మారింది.”

“తెలిసిందా నీకు?”

“తెలిసింది.”

“మరి?”

“చెయ్యి అప్పటికే లేచిపోయింది. దించుదామనుకున్నా. దించేలోపు అటు అంటించేశారు. ఎండు తుప్పలు... ఎంతసేపు?”

ఇంతవరకూ అయితే గంట క్షమించగలదేమో. పంతం, ఒక్క క్షణం ఆలస్యం. మనిషన్నాక తప్పు చేస్తాడు. కానీ ఆమెకి ఇంకోటి గుర్తొచ్చింది. తెల్లారాక ఆ బూడిదలోకి అందరికంటే ముందు వెళ్ళింది ఎవరు? ఏడుస్తూ, ఎవర్నీ రావద్దంటూ, ఒక్కడే వెళ్ళింది ఎవరు?

“ఆ సీసా?” అంది.

ఆయన రెండు చేతులూ ఆమె పాదాల వైపు చాచాడు. గంట కాళ్ళు వెనక్కి తీసుకుంది.

“నాదే... నేనే అక్కడ పెట్టా” అన్నాడు.

మిన్ను విరిగి మీద పడ్డట్టు అంటారే, అలా ఏమీ అనిపించలేదు ఆమెకి. అంతా నెమ్మదిగా జరిగింది. ఒక్కొక్కటే గుర్తుకొస్తూ, ఒక్కొక్కటే చెడిపోతూ వచ్చింది. భుజాల మీద బడికి వెళ్ళిన దారి. జ్వరం రాత్రులు. కుట్టించిన చెప్పులు. తనని ఎత్తుకున్న ప్రతిసారీ ఆ చేతుల్లో ఉన్నది ప్రేమా, భయమా? కుళాయి దగ్గర ఎవరూ లేని వేళ కోసం కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మ వెనకాలే రోజూ అన్నం తిన్నాడు ఈ మనిషి. ఒక్క మాట చెప్పి ఉంటే చాలు, ఆవిడ తలెత్తుకుని నీళ్ళు తెచ్చుకునేది. పరాయివాడు మోసం చేస్తే తిట్టి ఊరుకుంటాం. ఇది ఇంటివాడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేసిన మోసం.

“నిన్ను సాకాను కదే...” అన్నాడాయన.

“సాకావు. అందుకే ఇంత నొప్పిగా ఉంది.”

“నిజం చెప్తే నన్ను బతకనిచ్చేవాళ్ళు కాదు.”

“నిన్ను బతకనివ్వరేమో మావయ్యా... నువ్వు మా నాన్నని చావనైనా చావనివ్వలేదు. చచ్చాక కూడా పద్నాలుగేళ్ళు తాగుబోతుని చేసి అందరి నోళ్ళలో తిప్పావు.”

“దెయ్యమై నన్ను పీక్కు తింటూనే ఉన్నాడుగా, ఇంకేం కావాలి...”

“ఇక్కడ దెయ్యం లేదు” అంది గంట. “ఉంటే బాగుండేది. నాతో ఒక్క మాటైనా మాట్లాడేవాడు. ఇక్కడ ఉన్నదల్లా నీ చెవులే.”

దూరం నుంచి మేస్త్రీ కేక వినపడింది. గాలిలో ముక్కలు ముక్కలుగా వచ్చింది.

“అమ్మాయ్...! ఏమైందీ...? ఎత్తుతావా... దించుతావా?”

గంట లాంతరు ఎత్తలేదు, దించలేదు. బండ మీదే ఓ పక్కన పెట్టేసి పైకెక్కింది. ఒక్కసారి ఇళ్ళ వైపు చూసింది. అరుగుల మీద చిన్న చిన్న దీపాలు, వాటి పక్కన కేకలు లెక్కపెట్టే ఆడవాళ్ళు. వాళ్ళ ఇంటి అరుగు మీద మాత్రం చీకటి.

“వద్దే...” అంది కిందనున్న గుసగుస. “నీకు దణ్ణం పెడతా.”

ఆమె కడుపులోంచి ఊపిరి తీసుకుంది.

“వినండీ...! అందరూ వినండి! మా నాన్న తాగలేదు! కాలు ఇరుక్కుని పడిపోయాడు! ఆ రాత్రి మూడుసార్లూ పలికాడు! మా మావయ్య విన్నాడు! విని లాంతరెత్తాడు! సీసా పెట్టింది మావయ్యే! మా నాన్న తాగలేదూ...!”

గుట్ట నుంచి ఆఖరి మాట తిరిగొచ్చి అణిగిపోయింది. ఆ తర్వాత అంతటి నిశ్శబ్దం ఆ బీడులో ఎప్పుడూ లేదని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కాగడాలు కదల్లేదు. అరుగుల మీద దీపాలు కదల్లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని గంట ఎదురుచూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నమ్మలేదా? ఇన్నేళ్ళు అబద్ధాన్ని నమ్మినవాళ్ళు ఒక్క కేకకి నిజాన్ని నమ్ముతారా?

అప్పుడు పలికింది.

బొంగురుగా, పగిలిపోయి, మనిషిదో కాదో తెలీని గొంతు. చీకట్లోంచి... చాలా దగ్గర్నుంచి.

“ఆఁ...!”

కింద మావయ్య దిగ్గున తలెత్తాడు. ఈసారి ఇద్దరికీ వినపడింది.

గంట తుప్పల వైపు చూసింది. ఏమీ లేదు. మళ్ళీ వచ్చింది ఆ గొంతు. తుప్పల్లోంచి కాదు. వెనక నుంచి, బాట మీంచి. తడబడే అడుగుల చప్పుడుతో పాటు.

“విన్నానే...! విన్నాను...!”

ఎప్పుడూ అరిచి ఎరగని గొంతు. నలుగురిలో నోరెత్తని గొంతు. లాంతరు కూడా లేకుండా, వట్టి కాళ్ళతో, మోచేతుల దాకా గిన్నెల బూడిదతో, అమ్మ.

మూడో కేకకే గిన్నెలు వదిలేసి బయల్దేరినట్టుంది, బండకి పది గజాల దూరంలో ఆగిపోయింది. తమ్ముడి వైపు చూడలేదు. తల ఎత్తి కూతురి వైపే చూస్తోంది. రొప్పుతూ, ఛాతీ మీద చెయ్యి అదుముకుని, ఇంకోసారి అరిచింది.

“మళ్ళీ చెప్పవే! కుళాయి వీధి దాకా వినపడాలి. మళ్ళీ చెప్పు!”

అవతల ఒక కాగడా మట్టిలోకి దిగి ఆరిపోయింది. తర్వాత ఇంకొకటి. గంట కళ్ళు తుడుచుకుని, నిండా ఊపిరి పీల్చుకుంది.